తేట జావ

వంటిల్లు పగలగొట్టించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. తర్వాత జరిగినదానికి మేస్త్రీని తిట్టుకున్నాను, మా ఆయన్ని తిట్టుకున్నాను, దేవుణ్ణి కూడా నిలదీశాను. కానీ మొదటి సుత్తి దెబ్బ వేయించింది మాత్రం నేను.

ఇరవై ఏడేళ్ళు ఆ వంటింట్లో వండాను. గట్టు నా నడుముకి బాగా కిందకి ఉండేది. పొద్దున్నే వంగి వంగి వండి, బడికెళ్ళి నిలబడి పాఠాలు చెప్పి, మళ్ళీ వచ్చి వంగేదాన్ని. రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది. ఇకనైనా నిటారుగా నిలబడి వండుకుందామనుకున్నాను. గ్రానైట్ గట్టు, గోడలకి టైల్సు, కింద సొరుగులు. అమలాపురం షాపులో రంగులు ఎంచుకుంటుంటే పెళ్ళిచీర కొన్నప్పుడు కూడా లేనంత సంబరంగా ఉంది నాకు.

సోమవారం గట్టు పగలగొట్టారు. గురువారం కాకినాడలో డాక్టరు మా అత్తగారి రిపోర్టులు చూసి, ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి రమ్మన్నాడు. అన్నవాహికలో క్యాన్సరు పుండు ముదిరిపోయిందట. ఈ వయసులో ఆపరేషన్లూ కరెంటు పెట్టడాలూ బాధపెట్టడమే తప్ప లాభం లేదట. "ఇంటికి తీసుకెళ్ళండి. ఆవిడ ఏం తింటానంటే అది పెట్టండి," అన్నాడు. తీసుకొచ్చాం. పెట్టడానికి వంటిల్లు లేదు.

మా అత్తగారి పేరు కాంతం. డెబ్భై తొమ్మిదేళ్ళు. రాజోలు పక్కన పల్లెలో నాట్లేసి, కోతలు కోసి, ఒక్కగానొక్క కొడుకు దానాన్ని చదివించి ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాని చేసింది. ఆ దానమే మా ఆయన. ఆవిడ నాతో ఎప్పుడూ గట్టిగా పోట్లాడింది లేదు, అలాగని ముద్దు చేసిందీ లేదు. కోడలు టీచరని ఆవిడకి కాస్త భయం. ఆవిడ ఏమీ అనదని నాకు కాస్త అలుసు.

ముందు గది నిండా టైల్సు పెట్టెలు, సిమెంటు బస్తాలు. ఆవిడ గది వంటింటిని ఆనుకునే ఉంది. టైల్సు కోసే మిషను మోగితే మంచం కూడా వణికేది. అందుకని మంచం దొడ్డివైపు వసారాలో వేశాం. ఆ మంచానికి నాలుగడుగుల దూరంలో ఒక బల్ల, బల్ల మీద ఒంటిపొయ్యి. ఇక అదే నా వంటిల్లు.

సత్యదుర్గారావు మేస్త్రీ పది రోజుల్లో ముగించేస్తానన్నాడు. ఐదారు రోజులకే ఇంకెవరింట్లోనో స్లాబు పోస్తున్నారని మాయమయ్యాడు. ఫోను చేస్తే, "ఆయ్, వచ్చేత్తన్నానండీ టీచర్ గారండీ, దారిలోనే ఉన్నానండీ," అనేవాడు. ఆ దారి ఎంత పొడవో గాని వారం పట్టింది.

ఒక్క పొయ్యి మీద ఒకటి దించితేగాని ఇంకోటి ఎక్కదు. అన్నం, దాని తర్వాత పప్పుచారు. కూర కావాలంటే ఓ గుడ్డు పొరటు. కుక్కర్ పెడితే విజిల్‌కి ఆవిడ ఉలిక్కిపడేది. దాంతో దగ్గు పట్టుకుంటే ఎంతకీ ఆగేది కాదు. అందుకని ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ గిన్నెలో ఎసరు పెట్టి గంజి వార్చడం మొదలుపెట్టాను. ఆ గంజిలో ఉప్పేసి ఇస్తే నాలుగు చెంచాలు గొంతు దిగేవి.

సింకు లేదు. మురుగు పోయే గొట్టం తవ్వి పారేశారు. బియ్యం కడిగిన నీళ్ళు, మిగిలిన గంజి, కూరగాయల తొక్కలు అన్నీ ఒక పాత పెయింటు బకెట్లో పోసి వసారా మెట్ల దగ్గర పెట్టేదాన్ని. పక్కింటి వీరమ్మకి గేదె ఉంది. సాయంత్రం వచ్చి కుడితిలోకి పట్టుకుపోయేది.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి జెస్సీ ఫోనులో ఏడ్చి, ఏడుపయ్యాక నాకొక పని చెప్పింది. "అమ్మా, నాన్నమ్మ వంటలన్నీ రాసిపెట్టు. ఆవిడతో పాటు పోకూడదు," అంది. మంచి మాటే. వేసవి సెలవులు, పైగా తెలుగు టీచర్ని, రాయడం నాకేం కష్టం? రోజుకొకటి ఆవిడ చెప్పినట్టే ఒంటిపొయ్యి మీద చేసి, చెంచా కొసతో ఆవిడ నాలిక మీద తాకించేదాన్ని. మింగలేదు గాని రుచి మాత్రం ఠక్కున చెప్పేది.

"చింతచిగురు నలపలేదు నువ్వు. అరచేతుల్లో ఏసి నలపాలి. అప్పుడేగాని మెత్తళ్ళ చేపకి పట్టదు."

"తెలగపిండి మాడిందమ్మా. నీకు తొందరెక్కువ."

మళ్ళీ చేసేదాన్ని. ఆవిడ సరే అన్నాకే నోటుబుక్కులో రాసేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఒకే కప్పు కింద అన్నేళ్ళున్నా రాని చనువు ఆ కొద్ది రోజుల్లో వచ్చింది మాకు. ఆవిడ పోతుందని తెలిస్తేగాని నేను ఆవిడ పక్కన కూర్చోలేదు.

ఆ శనివారం వీరమ్మ మొక్కు ఉందని వాడపల్లి వెళ్ళి, అట్నించటే కూతురింటికి పోయింది. రెండు రోజులు రాలేదు. బకెట్లోది ఎండకి పులిసిపోయి వాసన కొడుతోంది. కొబ్బరిచెట్టు మొదట్లో పోసేద్దామని లేచాను. మంచంలో మా అత్తగారు తలెత్తింది.

"సలోమీ, తేట జావ ఎవరు కాస్తన్నారమ్మా?"

"తేట జావేంటండీ అత్తయ్య గారూ?"

"మా అమ్మ కాసేది." తల మళ్ళీ దిండు మీద వాల్చింది. "ఒక్క గుక్కుంటే బాగుండును."

కాకినాడ నుంచి వచ్చాక ఆవిడ నోరు తెరిచి ఇది కావాలని అడగడం అదే మొదటిసారి. ఏం చేసైనా ఆ ఒక్క గుక్క ఆవిడ గొంతులో పోసి తీరాలనుకున్నాను. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, పైన 'తేట జావ' అని రాసి, కింద గీత కూడా గీశాను.

తేట అంటే ఏముంది, పైకి తేరుకున్న నీళ్ళు. మజ్జిగ మీద తేట వంచి, అందులో నూకలు ఉడికించి ఇచ్చాను. నాలిక మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. గంజి తేటతో చేశాను. కాదంది. కొత్త కుండ కొని తరవాణి పెట్టాను. గంజి, బియ్యం కడుగు మూడు రోజులు పులియబెట్టి, ఆ తేటతో కాశాను. "దగ్గరికొచ్చింది గాని ఇది కాదమ్మా," అంది. మీ అమ్మగారు అందులో ఏమేసేవారండీ అంటే గోడవైపు తిరిగిపోయేది. దానాన్ని అడిగితే, "నేనెప్పుడూ వినలేదే," అన్నాడు. జెస్సీ ఫోనంతా వెతికి, "యూట్యూబులో కూడా లేదమ్మా," అంది, అక్కడ లేనిది లోకంలోనే లేదన్నట్టు.

ఇంతలో దిగే చెంచాలు తగ్గిపోతున్నాయి. నాలుగు రెండయ్యాయి. పక్కటెముకలు లెక్కపెట్టేలా అయిపోయింది మనిషి. ఒకరోజు నాకు కోపం వచ్చింది. నాకు భయమేసినప్పుడల్లా కోపమే వస్తుంది, అది నా జబ్బు.

"ఏ తేటండీ? దేని తేట? నోరు విప్పి చెప్పకపోతే నేనెక్కణ్ణించి తెచ్చిపెట్టనండీ?" అని అరిచాను. వంటింట్లో మిషను ఆగింది. పనివాళ్ళు వింటున్నారని సిగ్గేసి నోరు మూసుకున్నాను.

ఆవిడ చెయ్యెత్తి మెట్లవైపు చూపించింది. ఉమ్మడానికేమో అనుకుని బకెట్ దగ్గరికి తెచ్చాను. ఆవిడ అందులో వేలు ముంచి, ఆ వేలు నాలిక మీద పెట్టుకుంది. గబుక్కున చెయ్యి పట్టుకుని లాగేశాను.

"ఇదేనమ్మా," అంది.

కొంగుతో ఆవిడ వేలు తుడుస్తూ అలాగే మంచం పట్టె మీద కూర్చుండిపోయాను. ఆవిడ ఊపిరి తీసుకుని తీసుకుని చెప్పింది.

"కామందు గారి పశువుల సాలలో పేడ తీసేదమ్మా మా అమ్మ. వరదొచ్చిన ఏడు. పనుల్లేవు, గింజల్లేవు. కుడితి గోలెంలో తవుడు అడుక్కి దిగిపోయి పైన తేరుకుంటాది చూడు, తెల్లారగట్ట దాన్ని ముంతతో ముంచుకునేది. పేడ తట్టలో ముంత పెట్టి, మీద ఆకేసి, ఆపైన పేడ కప్పి తెచ్చేది. పిడికెడు నూకలేసి కాసేది. కుడితంటే మేం తాగమని, తేట జావని పేరెట్టింది."

కుడితికి అంత అందమైన పేరు పెట్టిన మనిషిని నేను చూడలేదు. ఆవిడ ఫొటో కూడా మా ఇంట్లో లేదు.

"నాకు తొమ్మిదేళ్ళు. ఓ రోజు అమ్మెనకాలే ఎళ్ళేను. చూసేసేను. ఇంటికొచ్చి, పొయ్యి మీంచి దించిన కుండని కాల్తో తన్నేసేను. నేనేవన్నా గేదెనా అన్నాను. మా ఎలీషా ఒలికిందంతా నేల మీంచి నాకేడమ్మా. నాలుగేళ్ళోడు. మా అమ్మ నన్నేవీ అనలేదు. ఓ దెబ్బేసినా బాగుండును. తను రెండ్రోజుల్నించీ ఏం తినలేదని నాకు తెలీదు."

ఎలీషా అంటే ఆవిడ తమ్ముడు. హెడ్మాస్టరుగా రిటైరై కిందటేడు పోయారు. చొక్కా మీద ముడత ఉంటే గుమ్మం దాటేవారు కాదు. ఆయన నేల మీద బోర్లా పడుకుని నాకుతున్నట్టు ఊహించుకోబోయి, ఊహించలేక ఏడ్చాను.

"కోతలు రాకుండానే పోయింది మా అమ్మ," అంది మా అత్తగారు. "ఒక్క గుక్క తాగి పోతానమ్మా. తన్నేసింది తాగి పోతాను."

"చేస్తానండీ అత్తయ్య గారూ," అన్నాను. "నా చేత్తో చేసి తాగిస్తాను."

సాయంత్రం దానం ఆఫీసు నుంచి రాగానే చెప్పాను. చెప్పులు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుండిపోయాడు. "చేసిపెట్టు," అన్నాడు. చెప్పులు విప్పి లేస్తూ, "జెస్సీకి మాత్రం చెప్పకు," అన్నాడు.

పిరికివాడు అనుకున్నాను. కన్నతల్లి పడిన ఆకలికి సిగ్గుపడతాడా అనుకున్నాను. క్లాసులో పిల్లలకి ఎన్నిసార్లు చెప్పాను, పేదరికం సిగ్గుపడాల్సింది కాదని! ఆ రోజు నా గుండెనిబ్బరానికి నేనే మురిసిపోయాను.

బకెట్లోది పెట్టలేను కదా. శుభ్రంగా చేయాలనుకున్నాను. వీరమ్మ దగ్గర తవుడు అడిగి తెచ్చి జల్లించాను. బియ్యం కడుగు, గంజి, కడిగిన ఆనపకాయ తొక్కలు, బీరకాయ తొక్కలు, చిన్న తెలగపిండి ముక్క, అన్నీ కుండలో వేసి ఉంచాను. రెండోనాటికి తవుడు అడుక్కి దిగి, పైన తేట తేరింది. ముంతతో నెమ్మదిగా ముంచి, పిడికెడు నూకలూ ఉప్పూ వేసి కాశాను. ఉడుకుతుంటే వసారా అంతా పశువుల శాల వాసన. సత్యదుర్గారావు లోపల్నుంచి తొంగిచూసి ఏదో అడగబోయి, నా మొహం చూసి వెనక్కి తగ్గాడు.

ముందు నేను రుచి చూశాను. పులుపు, దాని వెనక చేదు, నాలికకి ఇసకలా తగిలే తవుడు. నాకు మింగుడు పడలేదు. అయినా మింగాను.

గిన్నెలో పోసి చల్లార్చాను. ఆవిడ తల నా మోచేతి మీదకి ఎత్తుకున్నాను. పిట్టంత బరువు కూడా లేదు. వాసన తగలగానే కళ్ళు తెరిచింది. "అదే," అంది. మొహంలో ఎప్పుడూ చూడని తేటదనం. నోరు తెరిచింది. నేను చెంచా ముంచాను.

"వందనాలండీ సలోమి గారూ!"

ముందు గదిలో పెట్టెలు అడ్డమని పక్క సందులోంచి దొడ్డివైపు వచ్చేశారు. పాస్టరమ్మ గారు, చర్చి స్త్రీల సమాజం వాళ్ళు ఇద్దరు, వాళ్ళ వెనక బిందు గారు. బిందు గారు మా బడి హెడ్మిస్ట్రెస్. మా చర్చే, మా వాళ్ళే. పెద్దావిడ కోసం ప్రార్థన చేద్దామని వచ్చారు. బిందు గారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏంటండీ ఆ వాసన? ఏం పడతన్నారండీ పెద్దావిడకి?" అంది.

"అబ్బే, అత్తయ్య గారికి కాదండీ," అన్నాను. "ఇది పక్కింటి గేదెకండీ."

నా నోరే అంది. అంటుండగానే చెయ్యి గిన్నెని బకెట్లో వంచేసింది. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. తడబడ్డాను అనడానికి కూడా లేదు. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, ఏళ్ళ తరబడి నా నోట్లో సిద్ధంగా ఉన్నట్టే వచ్చింది.

మా అత్తగారి నోరు ఇంకా తెరిచే ఉంది. నాకేసి చూసింది. తర్వాత నెమ్మదిగా మూసుకుంది.

వాళ్ళు మంచం చుట్టూ నిలబడి పాట పాడారు. పాస్టరమ్మ గారు ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి, ఈ తల్లికి ఏ కొదవా రాకుండా చూసుకుంటున్న ఈ కోడలిని దీవించమని ప్రార్థించింది. నేను కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను. టీ పెట్టి ఇచ్చాను. సందు చివరిదాకా వెళ్ళి సాగనంపాను.

వాళ్ళు మలుపు తిరగగానే పరుగెత్తుకొచ్చి, కాచిన జావలో మిగిలింది వెచ్చబెట్టాను. తొందరలో సగం పొయ్యి మీద ఒలికింది. తల ఎత్తుకుని చెంచా పెదవులకి తాకించాను.

"తాగండి అత్తయ్య గారూ. ఇప్పుడెవరూ లేరండీ. తప్పయిపోయిందండీ."

ఎవరూ లేరన్న మాటతో ఇంకో తప్పు చేశానని ఆ మాట అన్నాకగాని తెలియలేదు. ఆవిడ నాకేసి చూస్తూనే ఉంది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"గేదెకి పెట్టెయ్యమ్మా," అంది.

అంతే. ఆ తర్వాత గంజి కూడా తీసుకోలేదు. దానం వచ్చి బతిమాలాడు. రాత్రి బస్సెక్కి జెస్సీ వచ్చి, నాన్నమ్మా నాన్నమ్మా అని ఏడ్చి, చెంచా పట్టుకుని గంటలు గంటలు కూర్చుంది. దూదితో నీళ్ళు అద్దితే ఆ తడి కూడా చెంపల మీదకి కారిపోయేది. గొంతు పూర్తిగా మూసుకుపోయి ఉంటుందని డాక్టరు ఫోనులో చెప్పాడు. అయి ఉండొచ్చు. నేనా మాటనే పట్టుకుని బతకాలని చూశాను గాని, ఆ పెదవులు ఎప్పుడు మూసుకున్నాయో నేను చూశాను. బుధవారం పొద్దున పోయింది. ఏం జరిగిందో దానానికి చెప్పలేదు. మిగిలిపోయిన జావ ఏమైందని అతనూ అడగలేదు.

సమాధుల తోట నుంచి వచ్చిన మర్నాడే సత్యదుర్గారావు ఇద్దరు మనుషుల్ని ఎక్కువ తెచ్చుకుని పని ముగించేశాడు. "పెద్దావిడుండగా అవ్వలేదండీ, నాకూ బాధగానే ఉందండీ," అన్నాడు. గట్టు సరిగ్గా నా నడుము ఎత్తుకి వచ్చింది. టైల్సు మెరిసిపోతున్నాయి. అక్కడ నిలబడితే నడుము నొప్పి లేదు, నిజమే.

ఆవిడ జ్ఞాపకంగా పెట్టిన ఆదరణ కూటానికి వీధిలో షామియానా వేసి, వంటవాళ్ళని పెట్టి భోజనాలు పెట్టాం. జెస్సీ మైకు పట్టుకుని నాన్నమ్మ గురించి మాట్లాడింది. మెత్తళ్ళ గురించి, చింతచిగురు నలపడం గురించి చెబితే అందరూ నవ్వారు. తర్వాత, "ఆఖరి రోజుల్లో తేట జావ అని ఏదో పాతకాలం వంట అడిగింది. మా అమ్మ ఎన్ని రకాలుగా చేసినా ఆ రుచి రాలేదు. అది నాన్నమ్మతోనే పోయింది," అని ఏడ్చింది. జనం నాకేసి జాలిగా చూశారు. దానం తల వంచుకున్నాడు.

భోజనాల దగ్గర బిందు గారు ప్లేటు పట్టుకుని నా పక్కకి వచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. బడిలో నేనెప్పుడూ వినని గొంతు అది.

"మీ అమ్మాయి తేట జావ అందేంటండీ? అది మీ అత్తగారు అన్న మాటేనాండీ?"

"అవునండీ."

"మా అమ్మమ్మ కూడా పోయేముందు అదే అడిగిందండీ. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. నాలుగు రోజులు అదే మాట. మా అమ్మకి తెలీదు, మా పెద్దమ్మకి తెలీదు. బార్లీ నీళ్ళు పట్టేం. మూతి తిప్పేసుకుంది. అలాగే పోయిందండీ." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇన్నేళ్ళూ ఎవర్నడగాలో తెలీలేదు. అదేంటో మీకేవన్నా చెప్పేరా ఆవిడ?"

ఆ పేరు మా అత్తగారి అమ్మ ఒక్కతే పెట్టింది కాదన్నమాట. వాళ్ళ అమ్మమ్మ ఏ గోలెంలో ముంత ముంచిందో, ఎన్ని నోళ్ళు నింపిందో, ఆఖరున ఎందుకు అడిగిందో, అంతా నా నాలిక చివర ఉంది. నేను చెప్పకపోతే ఆవిడకి చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు. చుట్టూ మా బడి టీచర్లు, దానం ఆఫీసు వాళ్ళు, తెల్లచీరల్లో స్త్రీల సమాజం. బిందు గారు నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"లేదండీ," అన్నాను. "ఆవిడ ఏమీ చెప్పలేదండీ. మీ ప్లేటులో కూర అయిపోయింది, ఇంకొంచెం వేయించుకోండి."